లేతపెట్ట తొలి గుడ్డు

ఈనాడు మేము ముచ్చటింపదలచినది మిక్కిలి చిన్న విషయము. గుప్పిట మూసినచో లోపల దాగిపోవునంతటిది. అది పెరటిలోని లేతపెట్ట పెట్టిన తొలి గుడ్డు.

లేని తప్పును వెదకి వెదకి పట్టువారిని చూచి "కోడిగుడ్డుకు ఈకలు పీకుచున్నాడు" అని మనవారు నవ్వుదురు. కాని మన పెరళ్లలో ఏటేట జరుగుచున్నది సరిగా అదే. తొలి గుడ్డు చిన్నదిగా ఉన్నదని కోడికి తప్పు పట్టుట, తప్పు పట్టి దానిని తెగనమ్ముట. ఈ పొరపాటును ఇతరులు చేసినట్లు చెప్పి తప్పించుకొనుట మాకు న్యాయము కాదు. మేమును చేసితిమి. చేసిన తరువాత దాని సంగతి తెలిసికొంటిమి. ఆ తెలిసికొన్న దానినే మీతో చెప్పుకొనుటకు వచ్చితిమి.

మా ఇల్లు నిజామాబాదు పట్టణములో, బోధను పోవు బాట ప్రక్కన ఉన్నది. పెరడు పెద్దది కాదు. ఒక వేపచెట్టు, ఒక నీళ్ల తొట్టి, గోడవారగా ఒక కోళ్ల గూడు, అంతే. ఒక యేడు వానకాలము చివర బోధను అంగడిలో ఆరు నాటుకోడి పిల్లలను కొని తెచ్చితిమి. వానిలో ఒకటి పిల్లి పాలైనది. ఒకటి పుంజైనది. మిగిలిన నాలుగును పెట్టలు. ఆ నాలుగింటిలో ఒక దానికి పుట్టుకతోనే మెడపై ఈకలు లేవు. పిల్లలు దానిని బోడిమెడ అని పిలిచెడివారు.

శివరాత్రి వెళ్లిన వారమునకు బోడిమెడ గూటిలో కూర్చుండి, లేచి, ఊరంతయు వినునట్లు అరచినది. పోయి చూతుము గదా, గడ్డిలో ఒక గుడ్డు. నిమ్మకాయకంటె చిన్నది. పెంకుపై సన్నని నెత్తుటి చార. ప్రక్క ఇంటి అవ్వ దానిని చేతిలోనికి తీసికొని అటు ఇటు త్రిప్పి చూచినది. "ఇదేం గుడ్డు బిడ్డా, గోలీ లెక్కున్నది. ఈ కోడి జాతే మంచిగ లేదు. అమ్ముకో" అని తేల్చినది. అవ్వ ఎనుబది యేండ్లు కోళ్లతో బ్రదికిన మనిషి. ఆమె మాటను కాదనుటకు మాకు నోరు రాలేదు. మరి నాలుగు దినములు చూచితిమి. నాలుగు దినములలో మూడు గుడ్లు, మూడును అంతంతవే. ఐదవ నాడు వీధిలోనికి వచ్చిన మారుబేరగానికి బోడిమెడను అమ్మివేసితిమి. మాంసమునకు ఎంత తూగునో అంతకే వెల కట్టినాడు.

ఆ వారములోనే తక్కిన మూడు పెట్టలును ఒకదాని వెనుక ఒకటి గుడ్లు పెట్టసాగినవి. అన్నియు చిన్న గుడ్లే! నాలుగు కోళ్ల జాతియు ఒక్కమారే చెడిపోవునా అని అప్పుడు మాకు సందేహము కలిగినది. వంటింటి చిన్న త్రాసును పెరటిలోనికి తెచ్చితిమి. ప్రతి గుడ్డును తూచి, పిల్లల పాత నోటు పుస్తకములో వ్రాయ మొదలిడితిమి. మేము తూచిన మొదటి గుడ్డు 27 గ్రాములు. తొలి విడత ముగియునప్పటికి 32 గ్రాములకు వచ్చినది. ఎండలు ముదిరిన నెలలలో పెట్టలు గుడ్లు మాని ఊరకున్నవి. తొలకరి పడిన తరువాత రెండవ విడత ఆరంభమైనది. ఆ గుడ్లు 36 గ్రాములకు అటు ఇటు తూగినవి. దసరా ముందు మూడవ విడతలో 40 గ్రాములు దాటినవి. కోడి అదే, గూడు అదే, మేత అదే. మారినది కాలము మాత్రమే. పుస్తకములోని ఆ వరుసను చూచినపుడు మాకు బోడిమెడ జ్ఞాపకము వచ్చినది. చేసిన తొందర సిగ్గు కలిగించినది.

ఇట్లు ఎందుకు జరుగును? దీనిని తెలిసికొనవలెనన్న కోడి కడుపులో గుడ్డు తయారగు విధమును కొంచెము చూడవలెను.

పెట్టకు అండాశయము, దానినుండి దిగు గొట్టము, ఈ రెండును ఎడమవైపున ఉన్నవి మాత్రమే పనిచేయును. కుడివైపువి గుడ్డులో పిల్లగా ఉన్నప్పుడే ఎదుగక నిలిచిపోవును. అండాశయములో పచ్చసొనలు ద్రాక్షగుత్తివలె పట్టుకొని ఉండును. వానిలో కొన్ని ఆవగింజలంత, కొన్ని శనగగింజలంత, ఒకటి రెండు పక్వమునకు వచ్చినవి. ఒక్కొక్క సొన తన చివరి 7 మొదలు 10 దినములలోనే వేగముగా పెరిగి నిండుకొనును. నిండిన సొన గుత్తినుండి విడివడగానే గొట్టము యొక్క గరాటు వంటి నోరు దానిని అందుకొనును. అచ్చట అది పావుగంట సేపు ఉండును. తరువాతి భాగములో సుమారు 3 గంటలు గడపును. తెల్లసొన దాని చుట్టును చేరుట అచ్చటనే. ఆ పిమ్మట గంటకు పైగా పట్టు కాలములో రెండు పలుచని పొరలు ఏర్పడును. చివరగా పెంకు తయారగు సంచిలో సుమారు 20 గంటలు నిలుచును. అన్నియు కలసి ఒక గుడ్డునకు 24 మొదలు 26 గంటల కాలము. అందువలననే నేడు ప్రొద్దున పెట్టిన పెట్ట రేపు కొంచెము ఆలస్యముగా పెట్టును, ఎల్లుండి మరి కొంచెము ఆలస్యముగా పెట్టును, ఆపై ఒక దినము మానును. అది సోమరితనము కాదు, దాని గడియారము అట్టిది.

సాధారణముగా గుడ్డు బరువును పది పాళ్లు చేసినచో, ఆరు పాళ్లు తెల్లసొన, మూడు పాళ్లు పచ్చసొన, ఒక పాలు పెంకు. అయినను గుడ్డు ఎంత పెద్దది కావలెనో నిర్ణయించుటలో పచ్చసొనదే పెద్దరికము. పెద్ద సొన గొట్టములో దిగునపుడు గోడలను ఎక్కువగా సాగదీయును. అంతకు తగినట్లు తెల్లసొనయు ఎక్కువగా చేరును. సొన చిన్నదైనచో తెల్లసొనయు తగ్గును, పెంకు చాలినంతలో ముగియును. లేతపెట్టలో సొనలు ఇంకను చిన్నవిగా ఉన్నప్పుడే విడివడుచుండును. గొట్టమును ఇంకను ఎదుగుచునే ఉండును. కావున గుడ్డు చిన్నదగును. నెలలు గడచిన కొలది సొన పెరుగును, దానితోపాటు గుడ్డును పెరుగును. తొలి గుడ్డులో పచ్చసొన పాలు తక్కువ, తెల్లసొన పాలు ఎక్కువ అగుటకు కారణమిదియే. పెంకు విషయమున మాత్రము లేతపెట్టదే పైచేయి. చిన్న గుడ్డు పెంకు గట్టిగా ఉండును. ముసలిపెట్ట పెద్దగుడ్డు పెంకే సులభముగా చిట్లును.

పెట్ట శరీరపు బరువు కూడ ఇందులో పాలు పంచుకొనును. మేత చాలక చిక్కిన పెట్ట గుడ్డుకు వచ్చినచో దాని గుడ్లు చాలకాలము చిన్నవిగానే ఉండును. నిండుగా ఎదిగి, కొంత ఆలస్యముగా గుడ్డుకు వచ్చిన పెట్ట మొదటినుండియు కొంచెము పెద్ద గుడ్లే పెట్టును. మన నాటుపెట్టలు సాధారణముగా ఆరేడు నెలలకు గుడ్డుకు వచ్చును. ఇందులో సూర్యుని చేయి కూడ ఉన్నది. పగటి వెలుగు పెట్ట కంటిలోనే కాక పుర్రె గుండ మెదడునకు కూడ చేరి, గుడ్ల కాలము వచ్చినదని హెచ్చరించును. మన నిజామాబాదులో మిక్కిలి పొట్టి పగలు 11 గంటలు, మిక్కిలి పొడుగు పగలు 13 గంటలకు పైగా. సంక్రాంతి దాటి పగళ్లు సాగుచున్న దినములలో ఎదుగు పెట్టలను ఆ వెలుగు త్వరపెట్టును. మా పెట్టలు శివరాత్రి వెంటనే గుడ్డుకు వచ్చినది అందువలననే. త్వరపడిన పెట్ట గుడ్డు మరింత చిన్నది.

బోధను ప్రాంతమువారికి ఈ సంగతిని ఇంత దూరము వివరింప పనిలేదు. చెఱకు వారికి బాగుగా తెలియును గదా. నాటిన ఏడవ నెలలో చెఱకును నరికి బండి కట్టు రైతు ఈ సీమలో ఒక్కడును ఉండడు. గడ ఎత్తు పెరుగుట వేరు, అందులో తీపి నిండుట వేరు అని చిన్నపిల్లలును చెప్పుదురు. రుద్రూరులోని చెఱకు పరిశోధన క్షేత్రమువారు ఏ రకము ఎన్ని నెలలకు పక్వమగునో చూచి చెప్పుచుండగా రైతులు శ్రద్ధగా విన్నవారు. చెఱకు విషయమున ఇంత ఓర్పు గల మనము, గూటిలోని పెట్టకు నాలుగు నెలల గడువు ఈయకుండుట వింత కాదా?

ఇక తొలి వారములలో కనబడు మరికొన్ని చిత్రములను గూర్చి చెప్పవలెను. కొన్ని లేతపెట్టలు ఒకే పెంకులో రెండు సొనల గుడ్డు పెట్టును. కొన్ని పెంకు లేక పొరతోనే జారవిడుచును. బోడిమెడ గుడ్డుపై కనబడినటువంటి నెత్తుటి చార కూడ తొలి గుడ్లపై అప్పుడప్పుడు కనబడును. ఇంకను సాగని చోట సన్నని నరము చిట్లుటయే దానికి కారణము. ఇవి అన్నియు కొలది వారములలో వాటంతట అవే సర్దుకొనును. అయితే ఆ చార ప్రతి గుడ్డుపై కనబడుచుండినను, తక్కిన కోళ్లు పెట్ట వెనుక భాగమును పొడుచుచుండినను, దానిని కొన్నాళ్లు వేరుగా ఉంచవలెను.

వీటికంటె వింతయైనది అసలు పచ్చసొనయే లేని గుడ్డు. అది రేగుపండంత ఉండును. పగులగొట్టిన తెల్లసొన మాత్రమే ఉండును. గొట్టములో ఏదో చిన్న తునుక చిక్కుకొనగా, అదే సొన అనుకొని శరీరము దాని చుట్టును తెల్లసొనను, పెంకును కట్టివేయును. అది అంతటి పొరపాటు మాత్రమే. కాని తెలియని కాలములో ఇటువంటి గుడ్డు మనుష్యులను భయపెట్టినది. ఐరోపాలో దానిని పుంజు పెట్టిన గుడ్డు అని నమ్మిరి. దానినుండి చూపుతోనే చంపు సర్పము పుట్టునని కథలు అల్లిరి. స్విట్జర్లాండులోని బాసెల్ నగరములో 1474లో ఒక పుంజు గుడ్డు పెట్టినదని దానిపై విచారణ జరిపి, గుడ్డుతో సహా దానిని కాల్చివేసిరి. అవ్వ మాటకు తలయూపి బోడిమెడను అమ్మిన మేము ఆ న్యాయాధిపతులను చూచి నవ్వుటకు అర్హులము కాము. వారును గుడ్డును చూచిరే గాని కోడిని గూర్చి అడుగలేదు.

అట్లని చిన్నగుడ్డు ఎప్పుడును మంచిదే అని మేము చెప్పము. లేతపెట్ట చిన్నగుడ్డు పెట్టుట సహజము. యేడాది దాటిన పెట్ట, నిన్నటివరకు నిండు గుడ్డు పెట్టినది, నేడు హఠాత్తుగా చిన్నది పెట్టినచో మాత్రము ఆలోచింపవలెను. మొదట నీళ్ల తొట్టి చూడవలెను. గుడ్డు లోపలి పదార్థములో నాలుగింట మూడు పాళ్లు నీరే. ఎండకాలము మధ్యాహ్నము తొట్టి ఎండిపోయిన ఇంట గుడ్డు నిండుగా వచ్చుట కల్ల. రెండవది మేత. మూడవది వేడి. మన జిల్లా వేసవి సంగతి మీకు తెలియనిది కాదు. ఎండకు తాళలేక కోడి నోరు తెఱచి ఒగర్చును, మేత తగ్గించును, గుడ్డు చిన్నదగును, పెంకు పలుచనగును. నాలుగవది కడుపులోని నట్టలు. ఐదవది ఈకలు రాల్చు కాలము. ఆ కాలములో గుడ్లు తగ్గుట సహజము.

ఆరవది రోగము. వానిలో ముఖ్యమైనది కొక్కెర తెగులు. దీనికి రాణీఖేత్ వ్యాధి అనియు పేరు. 1920వ దశకము చివర హిమాలయ ప్రాంతమునందలి రాణీఖేత్ చెంత కనుగొనుటవలన మన దేశములో ఆ పేరు వచ్చినది. ఇతర దేశములవారు ఇంగ్లండులోని ఊరి పేరు పెట్టి న్యూకాజిల్ వ్యాధి అందురు. ఇది సోకిన గుంపులో గుడ్లు తగ్గును, ఆకారము చెడును, పెంకు గరుకగును. అంతటితో ఆగక పెరడు పెరడంతయు తుడిచిపెట్టును. వచ్చిన తరువాత దీనికి మందు లేదు. రాకముందు టీకా ఉన్నది. పిల్లకు మొదటి వారములో కంటిలోనో ముక్కులోనో ఒక చుక్క, ఎనిమిదవ వారమున రెక్క క్రింద ఒక సూది. ఈ రెండును పశువైద్యుని అడిగి వేయించినవారి గూడు నిండుగా ఉండును. వేయింపనివారు గుడ్డు చిన్నదా పెద్దదా అని విచారించు అవసరమే యుండదు.

మరి లేతపెట్ట గుడ్లకు వచ్చిన ఇంట చేయవలసినది ఏమి? నాటుకోడి తన మేతలో పెక్కు పాలు తానే వెదకికొనును. అయినను గుడ్డుకు వచ్చిన పెట్టకు సాయంకాలము గూటికి చేరునపుడు ఒక పిడికెడు నూకలో, మొక్కజొన్న రవ్వయో, జొన్నలో వేయవలెను. గింజలు బలమిచ్చును గాని గుడ్డును పెంచునది మాంసకృత్తు. చెదలు, పురుగులు, సోయా చెక్క, వేరుశనగ చెక్క ఆ లోటు తీర్చును. మన బోధను చుట్టుపట్ల సోయా పంట విస్తారముగా పండుచున్నది. ఇంటిలో గింజ ఉన్నది గదా అని పచ్చి సోయా గింజలను మాత్రము కోళ్లకు వేయరాదు. వానిలోని ఒక పదార్థము మేత జీర్ణమగుటకు అడ్డుపడును. వేడిచేసిన తరువాతనే, లేదా నూనె తీసిన చెక్కగానే వాడవలెను. పెంకు గట్టిపడుటకు నత్తగుల్లలనో, ఎండబెట్టి మెత్తగా నలిపిన గుడ్డు పెంకులనో వేరొక చిప్పలో ఉంచినచో, కావలసిన పెట్ట కావలసినంత తినును. మేతలో కలిపి అందరిచేత తినిపింప నక్కరలేదు. గుడ్డు పెట్టని పిల్లలకు అంత సున్నము హాని చేయును.

ఇంకొక ముఖ్యమైన మాట. తొలి విడత గుడ్లను పొదుగ వేయరాదు. గుడ్డు బరువులో సుమారు మూడింట రెండు పాళ్లే పిల్ల బరువు. 27 గ్రాముల గుడ్డులో 18 గ్రాముల పిల్ల వచ్చును. అది గింజ పొడుచుటకు, తల్లి వెంట పరుగెత్తుటకు చాలదు. చలికో వానకో ముందుగా పోవునది అదే. పైగా తొలి గుడ్లలో పిల్ల కట్టనివి ఎక్కువగా ఉండవచ్చును. తల్లి 21 దినములు కూర్చుండి చిక్కిపోవుటయే మిగులును. కావున తొలి విడతను తినుటకు ఉంచుకొని, రెండవ మూడవ విడతలలో నిండైన గుడ్లను ఏరి పొదుగ వేయవలెను. లేతపెట్టకు పొదుగు వచ్చినచో, దాని క్రింద పెద్దపెట్ట గుడ్లు పెట్టవచ్చును.

చిన్నగుడ్డు తినుటకు పనికివచ్చునా అని కొందరు అడుగుదురు. నిశ్చయముగా పనికివచ్చును. రెండు చిన్న గుడ్లు ఒక పెద్ద గుడ్డునకు సరి అని లెక్క పెట్టుకొనిన చాలును. పెరుగు పిల్లల పళ్లెములో పడిన గుడ్డు ఎంతటిదైనను వృథా పోదు.

ఇక వెల సంగతి. మన సీమలో తూనికకు ఉన్న గౌరవము గొప్పది. మంజీరా నదిపై 1923లో ఆరంభించి 1931లో ముగించిన నిజాంసాగరు నీళ్లతో ఈ నేల తడిసినది. ఆ జలాశయమును నిర్మించిన ఇంజనీరు నవాబు అలీ నవాజ్ జంగ్. ఆ నీటి బలముతో 1937లో బోధను చెంత శక్కర్‌నగరులో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసినది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు పొందినది. తరతరముల రైతులు చెఱకు బండ్లను కాటా మీదికి తోలి, తూనికలో ఒక్క పిసరు తగ్గినను పోట్లాడినవారు. అటువంటి చోట గుడ్డు మాత్రము లెక్కకే అమ్ముడుపోవుచున్నది. పెద్ద ఫారముల గుడ్లకైనను వెల నూటికి ఇంత అనియే ప్రకటింతురు. 1982లో బి.వి. రావు చొరవతో ఏర్పడిన జాతీయ గుడ్ల సమన్వయ సంఘము నాటినుండి అదియే రివాజు.

అయితే తూనికను బట్టి తరగతులు లేకపోలేదు. అగ్‌మార్క్ లెక్కలో 53 మొదలు 59 గ్రాముల గుడ్డు పెద్దది, 45 మొదలు 52 గ్రాములది నడితరము, 38 మొదలు 44 గ్రాములది చిన్నది. ఇందులో ఒక తమాషా ఉన్నది. నిండుగా ఎదిగిన మన నాటుపెట్ట గుడ్డు కూడ ఈ లెక్కలో చిన్నదే. అయినను అంగడిలో నాటుగుడ్డు ఫారము గుడ్డుకంటె ఎక్కువ ధర పలుకును. కొనువారు పరిమాణమునే చూడరని దీనివలన తెలియుచున్నది. పెద్ద గుడ్లు, ఎక్కువ గుడ్లు కావలెననువారికి హైదరాబాదు చెంత రాజేంద్రనగరులోని కోళ్ల పరిశోధన సంస్థవారు పెరటి పెంపకము కొఱకే వనరాజ, గ్రామప్రియ అను రకములను రూపొందించిరి. నాటుపెట్ట యేడాదికి 60 గుడ్లకు అటు ఇటు పెట్టగా, గ్రామప్రియ మంచి సాకుడులో 150కి పైగా పెట్టును. కాని అదియు తొలి దినములలో చిన్నగుడ్లే పెట్టును. ఏ జాతికిని ఈ నియమము తప్పదు.

అంగడికి గుడ్లు తీసికొనిపోవు అక్కచెల్లెండ్రకు మా సలహా యిది. తొలి విడత చిన్నగుడ్లను ఇంటి పిల్లలకు పెట్టుడు. నిండు గుడ్లను అంగడికి పంపుడు. రెండును కలిపి బుట్టలో పెట్టినచో, కొనువాడు చిన్నదానిని చూపి అన్నిటి ధరయు తగ్గించును. వేరుచేసి అమ్మిన ఇద్దరికిని మేలు.

ఇంత చిన్న లెక్కకు ఇంత పెద్ద ప్రసంగమా అని మీరు అనుకొనవచ్చును. శక్కర్‌నగరు ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో నిలిచిపోయిన తరువాత ఆ చుట్టుపట్ల పెక్కు ఇండ్లలో నెలజీతము ఆగిపోయినది, చెఱకు సొమ్ము ఆగిపోయినది. పొలములు వరికి, మొక్కజొన్నకు, సోయాకు మారినవి. ఇంటిలో ఇల్లాలి కొంగున ముడివేసికొను నాలుగు డబ్బులు ఎక్కడివని అడిగినచో, అనేక చోట్ల జవాబు పెరటిలోనే తిరుగుచుండును. పిల్లకు నోటు పుస్తకమో, ముసలివారికి మాత్రలో, ఆ కొంగు ముడినుండి వచ్చును. ఆరు నెలలు మేపి, పిల్లినుండి గ్రద్దనుండి కాపాడి, సరిగా సంపాదన మొదలిడిన వారమున పెట్టను మాంసపు ధరకు అమ్ముట ఎంతటి నష్టమో ఆలోచింపుడు.

ఆ నష్టము కన్నులార చూచినవారము గనుక చెప్పుచున్నాము. దసరా తరువాత ఒక పనిమీద ఎడపల్లి పోయితిమి. ఒక ఇంటి ముంగిట పిల్లలతో తిరుగుచున్న ఒక పెట్ట కనబడినది. మెడపై ఈకలు లేవు. నిలిచి చూచితిమి. లోపలినుండి ఇల్లాలు వచ్చినది. "ఏమక్కా, కోడిని అట్ల చూస్తున్నవు?" అని అడిగినది. ఎక్కడ కొంటివని అడిగితిమి. శివరాత్రి వెళ్లిన తరువాత ఒక మారుబేరగాడు కోతకు తీసికొనిపోవుచుండగా, లేతకోడి గదా అని ఆపి తాను కొన్నట్లు చెప్పినది. "ముందుగాల్ల చిన్న చిన్న గుడ్లే పెట్టిందక్కా. లేతది, అట్లనే పెడ్తది అనుకున్న. ఇప్పుడు పన్నెండు గుడ్లు పొదుగేస్తే పది పిల్లలైనయి" అని నవ్వినది.

ఆ కోడి మాదని మేము చెప్పలేదు. చెప్పుటకు మొగము లేదు. మేము త్రాసు తెచ్చి, పుస్తకము పెట్టి, నెలల తరబడి లెక్క వ్రాసి తెలిసికొన్న దానిని ఆ ఇల్లాలు ఒక్క మాటలో తెలిసికొన్నది. "లేతది, అట్లనే పెడ్తది."

ఇంటికి వచ్చి ఈ కథనంతయు ప్రక్క ఇంటి అవ్వకు చెప్పితిమి. అవ్వ కొంచెము సేపు మాటలాడలేదు. తరువాత మా గూటిలోని గుడ్డును ఒకటి చేతిలోనికి తీసికొని, బరువు చూచినట్లు ఎత్తి, "ఇది మంచిగున్నది బిడ్డా" అన్నది. ఆ గుడ్డు తొలి దినములలో ఆమె గోలీ అన్న గుడ్లు పెట్టిన పెట్టదే.

మీ పెరటిలో ఈ యేడు లేతపెట్ట గుడ్డుకు వచ్చినచో, ఆ గుడ్డు ఎంత చిన్నదైనను కోపగింపకుడు. తొట్టిలో నీళ్లు చూడుడు, సాయంకాలము పిడికెడు గింజలు వేయుడు, టీకా సంగతి విచారింపుడు, మూడవ విడతవరకు ఓపిక పట్టుడు. అప్పటికిని గుడ్డు పెరుగకున్నచో అమ్ముకొనుటకు మారుబేరగాడు ఎటుపోవును? వాడు మీ వీధికి మరల వచ్చును. అమ్మిన కోడి మాత్రము మరల రాదు.